శాసనాలు చదివి వాడుక భాషను నిలబెట్టిన గిడుగు

పత్రిక చదివి వినిపిస్తే పల్లెలో అందరికీ అర్థమవుతున్నదంటే, ఆ మేలు చేసినవారిలో మొదట చెప్పుకోవలసినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులు. ఆయన మన జిల్లావారే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరున్న పర్వతాలపేటలో వీర్రాజు, వెంకమ్మ దంపతులకు జన్మించారు.

చిన్నతనంలోనే తండ్రి పోవడంతో విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతంపై ఉపాధ్యాయుడుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా బి.ఎ. పూర్తి చేశారు.

కొలువు దొరకగానే పుస్తకం అటకెక్కించే రకం కాదు పంతులుగారు. శ్రీముఖలింగం ఆలయంలోని శాసనాలలో ఏముందో తెలుసుకోవాలనిపించింది. పాత లిపులు నేర్పేవారు దగ్గరలో లేరు. పుస్తకాలు తెప్పించుకుని, అక్షరం అక్షరం పోల్చుకుంటూ తానే నేర్చుకున్నారు. ఆ శాసనాల్లో, పాత వచనంలో జనం మాట్లాడే రూపాలు కనిపించాయి. బడిలో తప్పు అని కొట్టివేస్తున్న మాటలను పూర్వులు రాసి ఉన్నారని గ్రహించారు.

మన్యంలోని సవరల భాషకు అప్పట్లో పుస్తకమంటూ లేదు. తెలుగు వచ్చిన సవర ఒకరిని ఇంట ఉంచుకుని, ఆ భాష విని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. కొండల్లో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చి, జీవితాంతం ఉండిపోయింది. అయినా చదువు మానలేదు.

ఆ రోజుల్లో పిల్లలు గ్రంథ భాషలోనే రాయాలి. నోటితో చక్కగా చెప్పగలిగిన పిల్లవాడు కలం పట్టేసరికి తడబడేవాడు. తప్పు పిల్లవాడిది కాదు, రాయమన్న భాషది అని పంతులుగారు నమ్మారు. ఊరూరా తిరిగి వాదించారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. పండితుల గ్రంథాలను పంక్తి పంక్తి చదివి, వారు పట్టుబట్టే నియమాలను వారే తప్పుతున్నారని చూపించారు. ఎదుటివారి పుస్తకాలను వారికంటే శ్రద్ధగా చదవడమే ఆయన బలం.

సవర భాషా సేవకు కైజర్-ఇ-హింద్ పతకం లభించింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడంతో, అర్ధశతాబ్దం పైగా గడిపిన ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. బడి పుస్తకాలలో, పరీక్షలలో వాడుక భాష స్థిరపడింది ఆయన పోయిన చాలాకాలానికి. ఇప్పుడు ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

చదివితేనే రాత వస్తుందని పెద్దలంటారు. చదివినదానిని జనం మాటతో సరిచూసుకోవాలని పంతులుగారి జీవితం చెబుతున్నది. మన పిల్లలు పుస్తకంతోబాటు ఇంట్లో అమ్మమ్మ చెప్పే కథను కూడా రాయడం నేర్చుకుంటే, ఆయన పడిన పాటుకు అంతకన్న ఫలితం లేదు.