తొండకూ ఆయనే దిక్కు!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బండల మీద తొండను చూస్తే నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. నీటిని పొదుపుగా వాడే ఆ జీవి మూత్రపిండ నాళికల్లో కణాలు ఒకదానికొకటి సంధులతో బిగిసి ఉంటాయి. అవి సోడియంను రక్తంవైపు తోడుతుంటే నీరూ దాని వెంటే పోతుంది. ఆ పనికి ఇంధనం ఏటీపీ.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని కనుగొన్నారు. జర్మనీలో లోమన్ కనుగొన్నదీ ఆ ఏడాదే. అయినా హార్వర్డు శాశ్వత ఉద్యోగమివ్వలేదు. పని ఆపలేదాయన. 1940లో లెడర్లీలో చేరి ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ పరిశోధనలు నడిపించారు. 1948లో కన్నుమూశారు. ఏటీపీతో నడిచే సోడియం పంపును స్కౌ గుర్తించింది 1957లో.

మిత్రులారా, ల్యాబులో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఈ సుబ్బారావుగారిదే. పేరు మరవకండి!