స్కౌట్లను మొదలుపెట్టిన బేడెన్ పావెల్

బేడెన్ పావెల్ గారు 1857వ సంవత్సరం ఫిబ్రవరి 22వ తేదీన లండను నగరంలో జన్మించారు. తండ్రి ఆక్స్‌ఫర్డులో లెక్కలు చెప్పే ప్రొఫెసరు. బాబుకు మూడేళ్ళప్పుడే తండ్రి చనిపోయారు. తల్లి హెన్రియెట్టా గారు ఒక్కరే పిల్లలందర్నీ పెంచారు.

ఆయన చార్టర్‌హౌస్ అనే హాస్టలు బడిలో చదివారు. చదువులో అంత గొప్పేమీ కాదు. బడి పక్కన చిన్న అడవి ఉండేది. పిల్లలు అందులోకి వెళ్ళకూడదు. ఆయన మాత్రం దొంగచాటుగా వెళ్ళి కుందేళ్ళను పట్టి, పొగ పైకి కనబడకుండా వండుకుని తినేవారు. టీచర్లు వస్తే దాక్కునేవారు. (వార్డెను మేడంగారూ, ఇది నేను కల్పించింది కాదు, ఆయన చరిత్రలో ఉన్నదే. మేము అలా చెయ్యము.)

1876లో సైన్యంలో చేరి మన దేశానికి, లక్నోకు వచ్చారు. తరువాత ఆఫ్రికా వెళ్ళారు. అడుగుజాడ చూసి మనిషి ఎటు పోయాడో, ఎంతసేపయిందో చెప్పే విద్య అక్కడ బాగా నేర్చుకున్నారు. మన తాతలు వాగు ఇసకలో చూసి చెప్తారు కదా, అదే విద్య. ఆఫ్రికాలోనూ అది అడవి మనుషుల దగ్గర ఉన్నదే. పుస్తకంలోకి ఎక్కించింది మాత్రం దొరలు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. 1896లో మటబెలె ప్రజలు తెల్లవారి మీద తిరగబడ్డారు. ఆ యుద్ధంలో పట్టుబడిన ఉవినీ అనే నాయకుణ్ణి బేడెన్ పావెల్ గారు సైనిక విచారణ జరిపించి కాల్పించారు. తరువాత ఆయన మీద కూడా విచారణ జరిగింది గాని శిక్ష పడలేదు. ఇది చదివిన రోజు నాకు ఈ వ్యాసం రాయాలనిపించలేదు. రెండు రోజులు కాగితం ముట్టుకోలేదు. కాని మంచి ఒక్కటే రాస్తే అది ఆయన జీవితం అవ్వదు కదా అని మళ్ళీ మొదలుపెట్టాను.

ఆయనకు పేరు వచ్చింది మాఫికింగ్ అనే ఊళ్ళో. 1899 అక్టోబరు నుంచి 1900 మే దాకా 217 రోజులు బోయర్లు ఆ ఊరిని చుట్టుముట్టారు. ఈయన దగ్గర సైనికులు తక్కువ. అందుకని ఇసక పోసిన పెట్టెలను మందుపాతరలని చెప్పి పాతించారు. లేని ముళ్ళకంచె ఉన్నట్టు సైనికులను కాళ్ళెత్తి దాటమన్నారు. దూరం నుంచి చూసిన శత్రువు నిజమే అనుకున్నాడు! ఊళ్ళోని తెల్లపిల్లలు కబుర్లు మోసేవారు, ముందు గాడిదల మీద, తరువాత సైకిళ్ళ మీద. కాని తిండి పంచేటప్పుడు నల్లవారికి తెల్లవారికన్నా తక్కువ ఇచ్చారు. ఊరికోసం పోరాడినవారిలో వాళ్ళూ ఉన్నారు. చాలామంది ఆకలితో చచ్చిపోయారు.

ఇంగ్లండు తిరిగొచ్చాక చూస్తే, సైనికులకోసం ఆయన రాసిన పుస్తకాన్ని పిల్లలు ఆటలకు వాడుకుంటున్నారు. అయితే పిల్లలకే వేరుగా ఎందుకు చెప్పకూడదు అని 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అనే దీవిలో క్యాంపు పెట్టారు. ఇరవైమంది పైచిలుకు పిల్లలు వచ్చారు. గొప్పింటి బడుల పిల్లలూ, పనివాళ్ళ పిల్లలూ ఒకే గుడారంలో ఉన్నారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. తోడేళ్ళు, ఎద్దులు, కాకులు, కర్ల్యూ పిట్టలు అని నాలుగు దళాలు. పొద్దున్నే ఆఫ్రికా నుంచి తెచ్చిన కూడూ జింక కొమ్ము ఊది లేపేవారు. (మనకు గంట కొడతారు. కొమ్మే బాగుంటుందేమో.) పగలంతా జాడలు పట్టడం, దాక్కోవడం, వంట, రాత్రి నెగడు దగ్గర కథలు.

1908లో పిల్లలకోసం రాసిన పుస్తకంలో దారి గుర్తులు ఉన్నాయి. చతురస్రం గీసి పక్కన బాణం వేస్తే, అటువైపు మూడు అడుగుల్లో ఉత్తరం దాచి ఉందని అర్థం. 2000 సంవత్సరంలో అమెరికాలో ఒకాయన అడవిలో బకెట్టు దాచి, అది ఉన్నచోటును ఉపగ్రహాల లెక్కతో అంకెల్లో అందరికీ తెలియజేశాడు. వెతికినవాళ్ళకు దొరికింది. దాన్ని జియోకాషింగ్ అంటారు. అమెరికా స్కౌట్లకు దీనికి బ్యాడ్జి కూడా పెట్టారు. నాకైతే బాణం గుర్తే ఇష్టం, దానికి మిషను అక్కర్లేదు.

1909లో లండనులో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్లందరూ కలిశారు. పిలవకుండానే కొంతమంది ఆడపిల్లలు టోపీలు పెట్టుకుని వచ్చి నిలబడ్డారు, మేమూ స్కౌట్లమే అని. పొమ్మనలేక 1910లో గైడ్లు అని వేరే పెట్టి, చెల్లెలు ఆగ్నెస్‌కు అప్పజెప్పారు. చరిత్రలో వాళ్ళ పేర్లు పెద్దగా కనబడవు. కాని వాళ్ళు రాకపోతే మనకు గైడ్లు ఎప్పుడు వచ్చేవో!

మన దేశంలో మొదట దొరల పిల్లలనే చేర్చుకున్నారు. అందుకని అనిబిసెంటు గారు మద్రాసులో మన పిల్లలకు వేరే స్కౌటు సంఘం పెట్టారు. 1921లో ఆయన వచ్చినప్పుడు అది ఆయన సంఘంలో కలిసింది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది.

1912లో ఆయన ఒలేవ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరి పుట్టినరోజూ ఒకటే తేదీ. ముసలితనంలో కెన్యా దేశంలో న్యేరి అనే ఊళ్ళో ఉండి, 1941 జనవరి 8న చనిపోయారు. సమాధి రాయి మీద సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టారు. అది కూడా దారి గుర్తే. ఇంటికి వెళ్ళిపోయాను అని. 1977లో ఒలేవ్ గారు చనిపోయాక ఆమె చితాభస్మాన్ని కూడా అక్కడే ఉంచారు.