లాగిన్ వెనక ఉన్న మనిషి

మా ధరూర్ మండలంలో జూరాల డ్యామ్ ఉంది. గేట్లు ఎత్తితే చూడ్డానికి అందరం పోతాం. కట్టిన ఇంజినీర్ల పేర్లు అడిగితే మాత్రం నోరు మెదపం. డెనిస్ రిచీ గురించి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

ఆయన 1941లో అమెరికాలో పుట్టారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి, 1967లో తండ్రి పనిచేసిన బెల్ ల్యాబ్స్‌లోనే చేరారు. 1969లో కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్ మొదలుపెట్టారు. తర్వాత సి భాష తయారుచేశారు. 1973లో యూనిక్స్‌ని సి లో తిరగరాశారు. దాంతో ఒక మెషీన్ ఓఎస్‌ని ఇంకో మెషీన్‌కి తీసుకెళ్లడం సులువైంది.

1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్‌తో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వచ్చాయి. సహోద్యోగి స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్, లాగిన్ కాగానే హోమ్ డైరెక్టరీలో ఉన్న డాట్ ప్రొఫైల్ ఫైలు చదివేది. లినక్స్‌లో ఇప్పటికీ మనం ఆ ఫైల్లోనే రాస్తాం: ఎక్స్‌పోర్ట్, ఒక స్పేస్, వేరియబుల్ పేరు, ఈక్వల్ టు, విలువ. ఈక్వల్ టుకి అటూ ఇటూ స్పేస్ ఉండొద్దు. విలువలోనే స్పేస్ ఉంటే కోట్స్ పెట్టాలి. ఎక్స్‌పోర్ట్ లేకపోతే విలువ షెల్ దగ్గరే ఆగిపోతుంది, అది నడిపే ప్రోగ్రాములకి అందదు. రాశాక మళ్లీ లాగిన్ అవ్వాలి.

1983లో రిచీ, థాంప్సన్‌లకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2011 అక్టోబర్‌లో, స్టీవ్ జాబ్స్ పోయిన వారానికి, ఒంటరిగా ఉండే రిచీ తన ఇంట్లో చనిపోయి కనిపించారు. జాబ్స్ కోసం ప్రపంచమంతా బాధపడింది. ఆ ఐఫోన్ లోపల ఉన్నదీ యూనిక్స్ వారసత్వమే.

ఈసారి ల్యాబ్‌లో ఎక్స్‌పోర్ట్ అని కొట్టేటప్పుడు ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి, ఫ్రెండ్స్.