మూలకాల జాడ తెలిపిన మోస్లే

మానవుడు అడుగుపెట్టని నేలలోని మట్టి ఏ మూలకాలతో ఏర్పడిందో తెలుసుకోవడం ఎలా? దానిని చేతితో తాకలేము. ప్రయోగశాలకు తెచ్చుకోవడమూ సులభం కాదు. అయినా చంద్రునిపైన, అంగారకునిపైన దిగిన యంత్రాలు అక్కడి మట్టి కూర్పును మనకు తెలియజేశాయి. ఆ విద్యకు ఆధారమైన సూత్రాన్ని అందించినవాడు ఇరవై ఏడేళ్లకే అసువులు బాసిన ఆంగ్ల శాస్త్రవేత్త హెన్రీ మోస్లే.

మోస్లే 1887 నవంబరు 23న ఇంగ్లండులోని వేమత్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడు, ఛాలెంజర్ నౌకలో సముద్రాలు చుట్టివచ్చిన జీవశాస్త్రజ్ఞుడు. కుమారునికి నాలుగేళ్లు నిండకముందే ఆయన కన్నుమూశాడు. మోస్లే ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాలలోను చదివి, 1910లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ వద్ద పరిశోధకునిగా చేరాడు.

ఆనాడు మూలకాలను ముఖ్యంగా పరమాణు భారాన్ని బట్టి వరుసగా అమర్చేవారు. కాని ఆ వరుసలో చిక్కులుండేవి. కోబాల్టు నికెల్ కంటే బరువైనది. గుణాలను బట్టి చూస్తే అదే ముందుండాలి. 1913లో మోస్లే కాల్షియం మొదలు జింకు వరకు పది మూలకాలను ఎలక్ట్రాన్లతో తాడించి, వాటినుండి వెలువడిన ఎక్స్-కిరణాలను కొలిచాడు. ఆ కిరణాల పౌనఃపున్యపు వర్గమూలం, వరుసలో ఒక్కొక్క మూలకానికీ సమానంగా పెరుగుతున్నట్లు గ్రహించాడు. మూలకాన్ని నిర్ణయించేది భారం కాదని, పరమాణు సంఖ్య అని దీనితో రుజువైంది. కోబాల్టుకు 27, నికెల్‌కు 28వ స్థానాలు స్థిరపడ్డాయి. 43, 61, 75 సంఖ్యలుగల మూలకాలు ఇంకా దొరకవలసి ఉన్నాయని ఆయన సూచించాడు. అవి తరువాతి కాలంలో లభించాయి.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనప్పుడు మోస్లే శాస్త్రజ్ఞుల సభ కోసం ఆస్ట్రేలియా పర్యటనలో ఉన్నాడు. స్వదేశానికి తిరిగివచ్చి సైన్యంలో చేరాడు. 1915 ఆగస్టు 10న గల్లిపోలి యుద్ధరంగంలో శత్రువు తుపాకి గుండుకు నేలకొరిగాడు. ఇంతటి ప్రజ్ఞావంతుని సేవను ఆ విధంగా వినియోగించడం జాతికి తీరని నష్టమని రూథర్‌ఫర్డ్ ఆవేదన చెందాడు.

మోస్లే మరణించినా ఆయన సూత్రం నిలిచింది. 1976లో వైకింగ్ నౌకలు రేడియోధార్మిక ఇనుము, కాడ్మియంలనుండి వెలువడే కిరణాలను అంగారకుని మట్టిపై ప్రసరింపజేశాయి. 2023 ఆగస్టులో మన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్, క్యూరియం-244 వెలువరించే ఆల్ఫా కణాలను, ఎక్స్-కిరణాలను చంద్రుని నేలపై ప్రసరింపజేసింది. వాటి తాకిడికి పరమాణువుల లోపలి ఎలక్ట్రాన్లు తొలగిపోతాయి. ఆ ఖాళీలు నిండేటప్పుడు ఒక్కొక్క మూలకమూ తనకే చెందిన ఎక్స్-కిరణాన్ని వెలువరిస్తుంది. ఆ కిరణాల శక్తిని కొలిచి అల్యూమినియం, సిలికాన్, కాల్షియం, ఇనుములతోపాటు గంధకం కూడ అక్కడ ఉన్నదని గుర్తించారు. అహమ్మదాబాదులోని భౌతిక పరిశోధనాలయం ఈ పరికరాన్ని రూపొందించింది.

మోస్లే పరిశోధనాజీవితం ఐదేళ్లయినా లేదు. అంత స్వల్పకాలంలో ఆయన సాధించినది నేటికీ ఇతర లోకాల మట్టిని చదివే అక్షరమాలగా ఉపకరిస్తున్నది. యుద్ధం ఒక మనిషిని మాత్రమే బలిగొనదు. అతడు లోకానికి ఇవ్వవలసిన జ్ఞానాన్ని కూడ హరిస్తుంది. మోస్లే చరిత్ర మనకు తెలిపే సత్యమిదే.