పళ్ళు పీకిన పాదిరిగారు

కెనడా దేశస్థుడైన జార్జి లెస్లీ మెకే గారు 1844లో జన్మించి, 1872లో ఫార్మోజా, అనగా నేటి తైవానులోని తంసుయి రేవున దిగారు. ఆయన పట్టా పొందిన వైద్యుడు కారు. మావలె వేదాంత కళాశాలలో చదివిన పాదిరి.

వక్క నమలుట, చుట్టలు కాల్చుట వలన అచ్చటి పల్లెలలో పంటిపోటు విస్తారము. నల్లతల పురుగు పన్ను తొలుచుచున్నదని వారి నమ్మకము. (మన పల్లెలలోనూ పిప్పిపన్నుకు పురుగే కారణమనేవారు లేకపోలేదు!) 1873లో బాధపడుచున్న ఒక సైనికునికి, పట్టకారు లేక, గట్టి కర్రముక్కను చెక్కి దానితోనే పన్ను ఊడబెరికారు. తరువాత కమ్మరిచేత పనిముట్టు చేయించారు. న్యూయార్కు పట్టకారులు పిమ్మట వచ్చాయి.

గుడిమెట్లపై నిలిచి శిష్యులతో ఒకటి రెండు కీర్తనలు పాడేవారు. రోగిని నిలువబెట్టియే పన్ను తీసి, అటుపిమ్మట వాక్యము చెప్పేవారు. రుసుము లేదు. తీసిన పన్నును రోగి అరచేతిలోనే పెట్టేవారు. పరదేశి దాచుకుంటే జనులకు అనుమానము గదా! ఈ వివేకమును మేము మిక్కిలి మెచ్చుకొంటున్నాము. పళ్ళు ఎర, ప్రసంగము గాలమని ఎవరైనా అనవచ్చును. కాని వాక్యము వినక వెళ్ళినవాని నొప్పియు పోయినది.

తాను 21,000కు పైగా పళ్ళు తీసినట్లును, శిష్యులు ఆ సంఖ్యలో దాదాపు సగము తీసినట్లును ఆయన తన గ్రంథములో వ్రాశారు. ఊరూరా పాడి బోధించిన ఆ గొంతుకే కాన్సరు సోకి, 1901 జూన్ 2న తంసుయిలో మరణించారు. సమాధియు అక్కడే ఉన్నది.