తిరుమల అడవిలో పదహారేళ్ల పిల్ల

మావారిది అమెరికా టైముకి నడిచే ఉద్యోగం. హైటెక్ సిటీ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో సగం ఇళ్ల కథ ఇదే లెండి. సాయంత్రం క్యాబ్ ఎక్కితే మళ్లీ తెల్లవారాకే ఇల్లు చేరతారు. పన్నెండో అంతస్తులో నేనూ, మా పాపా. ఎదురుగా అద్దాల ఆఫీసుల్లో రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. మెలకువగా ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు మాత్రం ఆ వెలుగు ఏ ధైర్యమూ ఇవ్వదు.

2021 మే నెలలో మా అమ్మ పోయింది. కడసారి చూపు కూడా దక్కలేదు. అప్పట్నుంచీ రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడితే చాలు, నాకు గుండెదడ. నిద్రపోతే మళ్లీ లేస్తానో లేదోనని పాప చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. డిగ్రీ చదివి, నాలుగు కథలు రాసినదాన్ని, చీకటి పడితే చావు భయం అని ఎవరితో చెప్పుకోను?

ఆ రోజుల్లోనే పండిత రమాబాయి తన గురించి తాను రాసుకున్న చిన్న పుస్తకం నా చేతికొచ్చింది. బడిలో సంఘసంస్కర్తల జాబితాలో ఆవిడ పేరు చదువుకున్నాం. వితంతువుల కోసం శారదా సదన్ పెట్టింది అని ఒక్క వాక్యం బట్టీ పట్టాం, అంతే. చావుకి ఎంతగా భయపడిందో, ఆ భయం ఎలా వదిలిందో ఏ పాఠంలోనూ లేదు. పైగా ఆ కథలో ఒక ముఖ్యమైన ఘట్టం జరిగింది మన తిరుమల కొండ మీద!

రమాబాయి 1858లో కర్ణాటక వైపు పడమటి కనుమల అడవుల్లో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప పండితుడు. భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పినందుకు లోకం చేత మాటలు పడ్డ మనిషి. ఆ తల్లే కూతురికి భాగవత శ్లోకాలు నేర్పింది. ఇల్లూ పొలమూ లేవు. క్షేత్రం నుంచి క్షేత్రానికి నడుస్తూ, గుళ్లలో పురాణం చెప్పి, వచ్చినదాంట్లో దానాలు చేస్తూ బతికేవాళ్లు.

1874 ప్రాంతంలో కరువు వాళ్లని పట్టుకునేసరికి తిరుమలలో ఉన్నారు. ఉన్న నగలూ గిన్నెలూ అమ్మేశారు. కూలికి వెళ్లడం తెలియదు, అడుక్కోవడానికి నోరు రాదు. ఆఖరి బియ్యపు గింజ అయిపోయిన రోజున అందరూ కూర్చుని మాట్లాడుకుని, నలుగురిలో పరువు పోగొట్టుకోవడం కంటే అడవిలో చావడం మేలనుకున్నారు. ఆ రాత్రే బయల్దేరారు. పదకొండు పగళ్లూ, పదకొండు రాత్రులూ నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్లు, అదే తిండి. కళ్లు సరిగా కనపడని ఆ ముసలి తండ్రి పుష్కరిణిలో మునిగి ప్రాణం వదలాలని నిశ్చయించుకున్నాడు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ దగ్గరికి తీసుకుని వీడ్కోలు చెప్పాడు. అప్పుడు రమాబాయికి పదహారేళ్లు. అన్నగారు కూలిపని చేసైనా పోషిస్తానంటే అందరూ అడవి దాటి బయటికొచ్చారు గానీ, కొద్దిరోజులకే తండ్రి పోయాడు.

ఇంకొద్ది వారాలకు, నిజాం రాజ్యంలోని రాయచూరులో, తల్లి వంతు వచ్చింది. ప్రాణం పోయే ముందు ఆవిడకి ఏదైనా తినాలనిపించింది. రమాబాయి పక్కింటి గుమ్మంలో నిలబడింది. రొట్టె ముక్క అడగడానికి నోరు పెగల్లేదు, ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఇల్లాలే చూసి ఒక సజ్జరొట్టె చేతిలో పెట్టింది. తల్లి అది తినలేకపోయింది. పాడె మోయడానికి మనుషులు లేరు. ఇద్దరు బ్రాహ్మలు దయతలిస్తే, నాలుగో మనిషిగా కూతురే పట్టింది. పొట్టి మనిషి కదా, భుజానికి అందక తన వైపు నెత్తి మీద పెట్టుకుని శ్మశానం దాకా నడిచింది. పుస్తకంలో ఈ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మని మోసినవాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కగారు కలరాతో పోయింది. అన్నాచెల్లెళ్లిద్దరే మిగిలి కాశ్మీరం దాకా నడిచారు. జీలం నది ఒడ్డున చలికి కప్పుకునేందుకు ఏమీ లేక, గోతులు తవ్వుకుని అందులో పడుకుని మెడదాకా పొడి ఇసుక కప్పుకున్నారట. బతికుండగానే సమాధి! 1878లో కలకత్తా పండితులు ఆవిడ విద్యకి ముగ్ధులై పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. రెండేళ్లకే అన్న పోయాడు. ఆ ఏడే బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలుని పెళ్లాడింది, వేరే కులం. 1881లో మనోరమ పుట్టింది, 1882 ఫిబ్రవరిలో కలరా భర్తని తీసుకుపోయింది. ఒళ్లో పసిపిల్లతో, ఇరవై మూడేళ్ల వితంతువు.

1883లో డాక్టరు చదువు కోసం ఇంగ్లండు వెళ్లి వాంటేజ్ అనే ఊళ్లో క్రైస్తవ సన్యాసినుల దగ్గర దిగింది. తోడు వచ్చిన ఆనందీబాయి భగత్‌కి బలవంతాన మతం మారుస్తారేమోనని భయం పట్టుకుంది. ఒకరాత్రి రమాబాయి గొంతు నులమబోయింది. తర్వాత తనే విషం తాగి చనిపోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో మాక్స్ ముల్లర్ ఇంటికి వచ్చినప్పుడు రమాబాయి ఒంటరిగా పడుకోలేకపోయేదనీ, పనిపిల్లని ఆ గదిలో తోడు పడుకోబెట్టేవాళ్లమనీ ఆయన రాశాడు. అంతటి పండితురాలికే రాత్రికి తోడు కావలసి వచ్చిందా అని తెలిశాక, నిజం చెబుతున్నా, నాకు సిగ్గు కొంత తగ్గింది.

ఆ సెప్టెంబరులోనే ఆవిడ బాప్తిస్మం తీసుకుంది. అంతమాత్రాన భయం మాయమైపోలేదు. మతాన్నయితే పట్టుకున్నాను గానీ క్రీస్తుని పట్టుకోలేదని ఇంకో ఏడెనిమిదేళ్లకి గాని తెలిసి రాలేదట. ఆవిడ తల్లిదండ్రులు పుణ్యం కోసం ఉన్నదంతా ధారపోశారు. ఎన్ని వ్రతాలు చేసినా, ఎంత దూరం నడిచినా లెక్క సరిపోయిందో లేదో తెలియని బతుకు. ఆడదానికి సొంతంగా మోక్షం లేదని ఆవిడ చదివిన గ్రంథాలు చెప్పాయి. రక్షణ అనేది సంపాదించుకునేది కాదు, దేవుడు ఊరికే ఇచ్చేది అన్న మాట ఆవిడకి ఊపిరి పోసింది. మా ఇంట్లో ఉన్నది వెంకటేశ్వరస్వామి పటమే. ఆవిడ మత నిర్ణయం గురించి వాదించడానికి నేనెవర్ని? చావు దగ్గర లెక్క అప్పజెప్పాలన్న బెదురు పోతే మనిషి ఎంత తేలికపడుతుందో మాత్రం నాకు అర్థమైంది.

తేలికపడిన మనిషి ఏం చేసిందో చూడండి. 1889లో బొంబాయిలో శారదా సదన్ మొదలుపెట్టింది, మరుసటి ఏడు పుణెకి మార్చింది. 1896లో మధ్య భారతంలో కరువు వచ్చింది. చిన్నప్పుడు ఏ ఆకలి నుంచి బతికి బయటపడిందో, ఆ ఆకలిలోకే మళ్లీ తనంతట తాను నడిచింది. ఎముకల గూళ్లలా ఉన్న ఆడపిల్లల్ని, వితంతువుల్ని మూడొందల మంది దాకా తీసుకొచ్చింది. పుణెలో ప్లేగు చెలరేగుతుంటే వాళ్లని కేడ్‌గావ్ పొలంలో పాకల్లోకి చేర్చింది. అదే ముక్తి సదనం. 1900లో గుజరాత్ కరువు తర్వాత అక్కడ రెండు వేలకు చేరువ మంది! జబ్బులొచ్చాయి, చావులూ వచ్చాయి. ఆవిడ పారిపోలేదు.

కూతురు మనోరమ కుడిభుజమైంది. గుల్బర్గాలో బడి కూడా నడిపింది. 1921 జూలైలో, నలభై ఏళ్లకే ఆ పిల్లా పోయింది. నాకు అన్నిటికంటే కష్టమనిపించేది ఇదే. నమ్మకం ఉంటే దేవుడు మనవాళ్లని కాపాడతాడనుకుంటాం కదా, ఆవిడకి ఆ బేరం కూడా లేదు. అప్పటికి చెవులు సరిగా వినపడవు, ఒళ్లు సహకరించదు. అయినా బైబిలుని మామూలు ఆడవాళ్లకి అర్థమయ్యే మరాఠీలోకి తెచ్చే పని ఆపలేదు. దానికోసం హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. అచ్చు పని ముక్తిలోని ఆడవాళ్లదే. ప్రూఫులు పూర్తయ్యేదాకా, మరో పది రోజులు ఆయుష్షు ఇమ్మని ప్రార్థించిందని చెప్పుకుంటారు. చివరి ప్రూఫు చూసేసి, 1922 ఏప్రిల్ 5న నిద్రలోనే వెళ్లిపోయింది.

ఒకప్పుడు గదిలో తోడు లేనిదే నిద్రపోలేని మనిషి.

నా భయం పూర్తిగా పోయిందని చెప్పను. అంబులెన్సు వెళ్తే ఇప్పటికీ లేచి కూర్చుంటాను. కాకపోతే పాప చెయ్యి పట్టుకోవడం మానేశాను, ఆ పిల్ల నిద్ర పాడవుతోందని. కిందటి సెలవుల్లో లింగంపల్లిలో రైలెక్కి పుణె వెళ్లాం. వాడి, గుల్బర్గా, షోలాపూర్, దౌండ్... దౌండ్ దాటిన కాసేపటికి కేడ్‌గావ్ అన్న బోర్డు కనపడింది. మా బండి అక్కడ ఆగలేదు. పాపని లేపి చూపిద్దామనుకున్నాను గానీ, హాయిగా నిద్రపోతోంది. లేపలేదు.