రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రాడు

తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో నాకు లెక్కల్లో వందకు ఇరవై రెండు మార్కులు వచ్చాయి. మార్కుల కార్డు నాన్నకు చూపించలేక రెండు రోజులు పుస్తకాల సంచిలోనే దాచాను. సంగతి తెలిసిన మన లెక్కల మాస్టారు బెత్తం తీయలేదు. ఆకివీడు దాటితే భీమవరం, అక్కడ పుట్టిన ఒకాయన మెట్రిక్ రెండుసార్లు తప్పాడు, తర్వాత ప్రపంచానికే మందులిచ్చాడు అని చెప్పి సంతకానికి పంపారు. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. మిగతా కథ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను.

1895 జనవరి 12న పుట్టిన సుబ్బారావు గారిది చిన్నప్పుడు నిలకడ లేని మనసు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇల్లు వదిలారు. నిడదవోలులోనే పట్టుబడ్డారు. తల్లి వెంకమ్మ గారు పట్టుబట్టి మళ్లీ బడికి పంపారు. రాజమండ్రిలో చదివి, చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు. తర్వాత సన్యాసం తీసుకోవాలనుకున్నారు గాని తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే అదీ సేవే కదా అని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడ ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చారు.

ఆ మనసుకు గురి కుదిర్చింది దుఃఖమే. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు సోదరులను ఒకరి వెంట ఒకరిగా తీసుకుపోయింది. ఆయనకూ సోకి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తగ్గింది. అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు ఎత్తి శుభ్రం చేశారు. ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనుగొన్నారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల ఆచూకీ తీశారు. 1930లో పి.హెచ్‌డి. వచ్చింది గాని అక్కడ స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు మారారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూకి అదే మందయింది. క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపించిన పరిశోధన ఫలాలే. బోదకాలు మన డెల్టా ఊళ్లకు కొత్త కాదు. రాత్రిపూట ఇంటికొచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లే ఫైలేరియా సిబ్బంది మనలో చాలామందికి గుర్తే. వాళ్లు మింగించిన డీఈసీ మాత్ర పుట్టిందీ ఆయన ప్రయోగశాలలోనే.

ఈ ఏకాగ్రతకు మూల్యమూ ఉంది. పసికొడుకు కన్నుమూశాడు. భార్య శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో 53 ఏళ్లకే కన్నుమూసిన ఆయన మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనే లేదు. అందుకే పిల్లలకు ఆయన కథ చెప్పేటప్పుడు శేషగిరి గారి మాట కూడా చెబుతాను.

కాలువల మీద ముప్పై ఏళ్లు పనిచేశాను. తూము దగ్గర ఎంత నీరు వదిలామన్నది కాదు, శివారు చేనుకు ఎంత అందిందన్నదే లెక్క. గంటల తరబడి పుస్తకం ముందు కూర్చునే పిల్లల చదువూ అంతే. సుబ్బారావు గారికి తెలివి మెట్రిక్ తప్పిన రోజునా ఉంది. ఎవరి కోసం చదవాలో తెలిశాకే అది గండ్లు పడకుండా పారింది.

ఆ కార్డు మీద నాన్న సంతకం పెట్టారు, ఏమీ అనలేదు. మాస్టారు ముందే ఇంటికొచ్చి చెప్పి వెళ్లారని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికి కృతజ్ఞత చెప్పుకుందామంటే ఆయన లేరు. ఈ నాలుగు మాటలు ఆయనకే.